పోచన్న పాయింట్లు

టైం అయిపోయిందని బల్ల దగ్గర గంట కొట్టేసరికి ఇమ్మానియేలు ఇంకా కూతలోనే ఉన్నాడు.

సోహార్ జట్టువాళ్లు ఆట ముగిసిందని చేతులు పైకి లేపారు. పోచన్న అరచెయ్యి చూపించి వాళ్లను ఆపాడు. టైం అయిపోయినా మొదలైన కూత పూర్తి కావాలి. అది రూలు. గల్ఫ్ తీరంలో ఖబూరా నుంచి షినాస్ దాకా, మన పనివాళ్లు శుక్రవారాలు కబడ్డీ ఆడే క్యాంపుల్లో ఆ రూలు పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాడు పోచన్న ఒక్కడే. అందుకే ఎక్కడ పోటీలు పెట్టినా రెఫరీగా ఆయన్నే పిలుస్తారు. కోర్టు గీతలు కూడా ఆయనే గీస్తాడు, తాడు కట్టి, మూలలకు మట్టం పెట్టి, జిప్సం పొడితో.

సోహార్ ముప్పై ఎనిమిది, షినాస్ ఇరవై ఏడు. ఫైనల్‌కు ఎవరు పోయేదీ చాలాసేపటి కిందే తేలిపోయింది. ఈ ఒక్క కూతతో మారేది ఏమీ లేదు.

ఇమ్మానియేలు షినాస్ ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసే అటెండరు. కోస్తా మనిషి, నలభై దాటాయి. జట్టులో ఒకరు తక్కువైతే తీసుకొచ్చారు. ఈ పోటీల్లో ఇప్పటిదాకా ఒక్క పాయింటు తేలేదు. కబడ్డీ కబడ్డీ అంటున్న గొంతు సన్నబడుతోంది. మూలన నిలబడ్డ సోహార్ ఆటగాడు స్యాం మీదికి కుడికాలు విసిరాడు. స్యాం వెనక్కి ఎగిరాడు. ఇసుక లేచింది. కొండల వైపు నుంచి పడమటి ఎండ ఆ ఇసుకలో పడి మెరిసింది.

ఇమ్మానియేలు కాలు లేవడం పోచన్న చూశాడు. ఇసుక లేవడం చూశాడు. ఆ తర్వాత, పడుతూ లేస్తూ నడి గీత వైపు వస్తున్న ఇమ్మానియేలు ముఖం చూశాడు. ఆయన చెయ్యి షినాస్ వైపు లేచింది. ఒక పాయింటు.

చేపల షెడ్ల గోడ పొడుగునా నిలబడ్డ జనంలో సగం మంది ఒక్కసారి ఎగిరారు. ఓడిపోయిన జట్టు వైపు ఇంతమంది ఉన్నందుకు పోచన్నకు సంతోషమనిపించింది.

"తగల్లేదన్నా" అన్నాడు స్యాం, దగ్గరకొచ్చి.

"నేను చూసిన."

"లేదన్నా. ఇంత దూరం ఉంది" అని బెత్తెడు చూపించాడు స్యాం.

"నా కండ్లతోని చూసిన అంటున్న. అబద్దమాడుతున్ననా నేను? పది పాయింట్లు ఎక్కువతోని గెలిచిండ్రు, పెద్దమనిషికి ఒక్క పాయింటొస్తే ఓర్వరా?"

"పాయింటు సంగతి కాదన్నా. తగల్లేదు, అంతే."

స్యాం సోహార్‌లో పరంజాలు కట్టే స్కఫోల్డింగ్ పనిచేస్తాడు, ఇరవై ఆరేళ్లవాడు. గొంతు పెంచలేదు. అదే పోచన్నకు ఎక్కువ కోపం తెప్పించింది. రెఫరీ మాటకు ఎదురు మాట్లాడితే ఎట్లా ఉంటుందో నలుగురూ చూడాలనుకున్నాడు. స్యాంను కోర్టు నడుమకు పిలిచి, అందరి ముందూ తప్పైందని చెప్పమన్నాడు. స్యాం తన కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ తల తిప్పుకున్నాడు. చుట్టూ ఫోన్లు లేచాయి. స్యాం రెండు చేతులూ జోడించి, "సారీ అన్నా, తప్పైంది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఇమ్మానియేలు వచ్చి పోచన్న చేతిని రెండు చేతుల మధ్య పట్టుకుని, ఆయాసంతో మాట రాక తల ఊపాడు. పోచన్న బల్ల దగ్గరకు వెళ్లి స్కోరు కాగితం మీద ముప్పై ఎనిమిది, ఇరవై ఎనిమిది అని చూసుకుని సంతకం పెట్టాడు. పోటీలు నడిపే ముఖీత్ హైదరాబాదు మనిషి, ఖబూరాలో మొబైల్ షాపు ఉంది. ఎప్పటిలాగే బిర్యానీ పొట్లం చేతిలో పెట్టి, తన కారులోనే రూముకు పంపించాడు.

ఆదివారం పోచన్న ఖబూరాలో ఒక కొత్త విల్లా బాత్రూంలో నేలకు టైల్స్ వేస్తున్నాడు. తాపీతో సిమెంటు పరిచి, టైలు దించి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టి, చెవి పెట్టి వింటాడు. కింద బోలు ఉంటే చప్పుడు వేరేగా వస్తుంది. తలుపు నుంచి నీళ్లు పోయే జాలీ దాకా వాలు కంటికి కనిపించకూడదు, నీళ్లకు తెలియాలి. ఆ పనిలో ఆయన వెనక ఎవరూ రసమట్టం పెట్టి చూడరు.

పది గంటలకు టైల్ పెట్టెలతో పికప్ వచ్చింది. డ్రైవర్ కొత్తవాడు, నిజామాబాద్ వైపు మనిషి. పెట్టెలు దించాక ఇద్దరూ వాటి మీదే కూర్చున్నారు. డ్రైవర్ తెచ్చిన చిక్కటి కరక్ చాయ్ ఇద్దరికీ పోశాడు.

"శుక్రవారం ఏం జేస్తవ్ కాకా? కబడ్డీకి పోతవా?"

"అప్పుడప్పుడు."

"పైసలు పెడ్తవా?"

"పైసలేంది?"

డ్రైవర్ నవ్వాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సోహార్ గెలుస్తదని అందరికీ ఎరికే. గెలుపు మీద ఎవడు పెడ్తడు? ఎంత తేడాతోని గెలుస్తదో గదాని మీద పెడ్తరు. మొన్న పది అన్నరు. తేడా పది దాటుతదనేటోళ్లు ఒక దిక్కు, దాటదనేటోళ్లు ఇంకో దిక్కు."

"నువ్వు ఏ దిక్కు?"

"రెఫరీ ఎవలో చూస్త కాకా. పోచన్న అయితే కండ్లు మూసుకొని దాటదనే పెడ్త."

పోచన్న చేతి వేళ్లకు అంటి ఎండిన సిమెంటును బొటనవేలి గోటితో గీకాడు. "ఎందుకట్ల?"

"మంచోడు. దయగల్లోడు పాపం. ఆట నడిచినంతసేపు ఎవ్వనికీ వంగడు. ఇగ గెలిచెటోడు ఎవడో తేలిపోయిందనుకో, ఓడెటోళ్లను జూస్తే ఆయనకు పానం ఆగది. ఆఖరి రెండు మూడు నిముషాలల్ల తగిలినా తగలకున్నా చెయ్యి లేపుతడు. రెండో మూడో ఇస్తడు. పోచన్న పాయింట్లు అంటరు గవిటిని."

"ఆయనకేమన్న ఇస్తరా మరి?"

"లేదు కాకా. ఆయనకు తెల్వనే తెల్వది. గదే అసలు సంగతి. పైసలు తినేటోణ్ని నమ్మరాదు, రేపు ఇంకొకడు ఎక్కువిస్తే అటు వోతడు. ఈయన గట్ల కాదు. పక్కా." డ్రైవర్ మిగిలిన చాయ్ ఇసుకలో పారబోసి లేచాడు. "శుక్రవారాలు నాకు డ్యూటీనే, ఫోన్లనే పెడ్త. మొన్న పదకొండు ఉండె. టైం గూడ అయిపాయె. పోయినయ్ రా పైసలు అనుకున్న. ఇంతల పోచన్న చెయ్యి లేపిండని దోస్తు ఫోన్ల చెప్పె. పది. ముఖీత్ భాయ్ రాత్రికే పైసలు పంపిండు."

బండి ఎక్కుతూ అడిగాడు, "నీ పేరేంది కాకా?"

"రఘుపతి" అన్నాడు పోచన్న.

అది ఆయన రూమ్మేట్ పేరు. ఎందుకు చెప్పాడో ఆయనకే తెలియదు. పికప్ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. లోపలికి వెళ్లేసరికి బకెట్లో కలిపిన సిమెంటు గట్టిపడిపోయింది. దాన్ని చెక్కి బయట పడేసి, మళ్లీ కలుపుకుని, మోకాళ్ల మీద కూర్చున్నాడు. జనం ఎగిరింది ఎవరి కోసమో ఇప్పుడు తెలిసింది. బిర్యానీ పొట్లం, కారు, ఎక్కడ కనబడినా లేచి కుర్చీ ఇవ్వడం, అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తనను చూసి వాళ్లు నవ్వుకున్నారని కాదు. అసలు నవ్వలేదు. గౌరవంగానే చూశారు. అది తలచుకుంటే చెవులు వేడెక్కాయి.

సోమవారం సాయంత్రం రఘుపతి కిందికి వంగి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఇద్దరివీ జగిత్యాల దగ్గర పక్క పక్క ఊళ్లు. ఎనిమిదేళ్లుగా ఒకటే రూమ్, ఒకటే పొయ్యి. పోచన్న బియ్యం కడుగుతూ, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నా పేరు మీద పాయింట్లున్నయట గదా."

కత్తి ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది.

"ఎవలు జెప్పిండ్రు?"

"ఎవలో ఒకలు. ఎన్నేండ్ల సంది?"

"మూడేండ్లు అయితది కావచ్చు."

"నువ్వు పెట్టినవా?"

రఘుపతి కోసిన ముక్కలను అరచేత్తో కుప్ప చేశాడు. "రెండు మూడు సార్లు" అన్నాడు చివరకు. "నువ్వేం తప్పు జెయ్యలేదన్నా. నువ్వు మంచి మనసుతోనే ఇస్తివి. గెలిచెటోడు గెలువనే గెలిచె. ఎవలకేం నష్టమాయె?"

"నాకెందుకు జెప్పలె?"

"జెప్తే నువ్వియ్యవు గదా."

పోచన్న గిన్నెలో నీళ్లు మూడోసారి వంచాడు. అప్పటికే నీళ్లు తేటగా వస్తున్నాయి. రఘుపతి ఇంకేదో చెప్పాలా వద్దా అన్నట్టు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"సోహార్ వాళ్లు స్యాంను టీంల నుంచి తీసేసిండ్రట."

"ఎందుకు?"

"సోహార్ క్యాంపుల సగం మంది దాటుతదని పెట్టిండ్రు, తమ టీమే గదాని. పదకొండు పది అయ్యె. స్యాం కావాల్ననే కాలు తగిలిచ్చుకున్నడు, పైసలు తిన్నడు అంటున్నరు. రూంల ఎవ్వలు మాట్లాడుతలేరట. చేతులు జోడిచ్చిన వీడియో ఉన్నది గదా, దాని కింద 'దొంగ ఒప్పుకున్నడు' అని రాసి తిప్పుతున్నరు."

"నాకు పంపు."

"ఎందుకన్నా."

"పంపు అంటున్న గదా."

అది ఇరవై సెకన్ల వీడియో. స్యాం చేతులు జోడించి నిలబడ్డాడు. ఎదురుగా పోచన్న, నడుం మీద చేతులు, గడ్డం కొంచెం పైకెత్తి. పోచన్న స్యాంను ఒక్కసారే చూశాడు. మిగిలినన్ని సార్లూ తన గడ్డాన్నే చూసుకున్నాడు.

అన్నం తిన్నారు. గిన్నెలు రఘుపతి కడిగాడు. అది ఆ రోజు అతని వంతు కాదు.

మంగళ, బుధవారాలు పోచన్న పనిలో ఆ కూతను మనసులో మళ్లీ మళ్లీ చూశాడు. కాలు లేచింది, ఇసుక లేచింది. ఆ మధ్యలో ఏముందో కనపడటం లేదు. తగిలి ఉండొచ్చు కదా అనిపించింది. తను చూడకపోయినా తగలకూడదని ఏముంది? నిజంగా తగిలి ఉంటే తను అబద్ధం ఆడినట్టు కాదు, స్యాంకే తెలియలేదేమో. ఆ ఆలోచన పట్టుకుని గురువారం ఫోర్‌మన్‌ను సగం రోజు సెలవు అడిగి, షేరింగ్ టాక్సీలో షినాస్ వెళ్లాడు.

ఇమ్మానియేలు ఆసుపత్రి వెనక వీధిలో మొదటి అంతస్తులో ఉంటాడు. భార్య కృపాబాయి అదే ఆసుపత్రిలో నర్సు. తలుపు తీసి ఎవరో తెలియగానే ఆమె ముఖం విప్పారింది.

"మీరేనా అండి పోచన్న గారు. లోపలికి రండి. ఈయన ఇప్పుడే డ్యూటీ దిగొచ్చారు." కుర్చీ మీది ఉతికిన బట్టలు తీసి దులిపింది. "ఆ పాయింటు కథ వార్డులో ఒక్క పేషెంటుకి కూడా చెప్పకుండా వదల్లేదండి. అక్కడ ఊళ్లో ఉన్న మా అమ్మాయి సూసన్‌కి ఫోన్ చేసి, నాన్న కూడా పాయింటు కొట్టాడే అని ఒకటే చెప్పడం. అది నవ్వుతుంటే ఈయనకి ఉడుకుమోత్తనం."

ఇమ్మానియేలు లోపలి గదిలోంచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, సిగ్గుపడుతూ నవ్వాడు. కృపాబాయి టీ, ఉప్పు బిస్కెట్లు పెట్టింది. పోచన్న టీ మొత్తం తాగేదాకా ఆగాడు. బిస్కెట్టు ముట్టుకోలేదు. తర్వాత ఇమ్మానియేలును కిందిదాకా రమ్మన్నాడు.

మెట్ల మలుపు దగ్గర ఆగి అడిగాడు. "ఇమ్మానియేలూ, ఒక్క మాట. నిజం జెప్పు. ఆ ఆఖరి కూతల స్యాంకు నీ కాలు తగిలిందా?"

ఇమ్మానియేలు ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. "ఏమైందండి?"

"ఏం కాలె. నువ్వు జెప్పు."

ఇమ్మానియేలు పోచన్న కళ్లలోకి చూశాడు, తర్వాత నలిగిన చొక్కా కాలరు చూశాడు, సిమెంటు పట్టిన గోళ్లు చూశాడు. నూటికి పైగా కిలోమీటర్లు ఇది అడగడానికే వచ్చిన మనిషిని పైనుంచి కింది దాకా చూశాడు. ఆసుపత్రిలో స్ట్రెచర్ వెంట నడిచే బంధువులు ఏదో అడిగినప్పుడు చూసినట్టు చూశాడు.

"తగిలిందండి" అన్నాడు మెత్తగా. "నా బొటనవేలికి తెలిసింది. మీరేం మనసులో పెట్టుకోకండి."

"గంతేనా?"

"అంతేనండి. హాయిగా వెళ్లి రండి."

పోచన్న మిగిలిన మెట్లు దిగాడు. వీధిలోకి వచ్చేదాకా గుండె తేలికగానే ఉంది. మందుల షాపు దాటేసరికి ఆ తేలికతనం పోయింది. ఇమ్మానియేలు జవాబు చెప్పే ముందు ఆలోచించుకోలేదు. ఆ రోజును గుర్తు చేసుకోవడానికి ఒక్క క్షణమైనా కళ్లు పక్కకు తిప్పలేదు. పోచన్న ముఖం చూశాడు, చూసి ఇచ్చాడు. అలా ఇవ్వడం పోచన్నకు కొత్త కాదు. తీసుకోవడమే కొత్త.

టాక్సీలో వెనక సీటులో ఇద్దరు బంగ్లాదేశీ మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. లివా దాటింది, సోహార్ దాటింది. ఇన్నేళ్లుగా తను చెయ్యెత్తినప్పుడల్లా ఎదుటివాడికి ఇలాగే ఉండి ఉంటుందా అని తనను తాను అడిగాడు. కొందరికి తెలిసే ఉంటుంది. తెలిసి, తలొంచుకుని, థాంక్స్ అన్నా అని ఉంటారు. సహమ్ దగ్గర పక్కనున్న మనిషి నీళ్ల బాటిల్ ఇచ్చి, తబియత్ బాగాలేదా అని హిందీలో అడిగాడు. పోచన్న తల అడ్డంగా ఊపాడు.

శుక్రవారం ఫైనల్. సోహార్‌కూ, ఖబూరా వ్యవసాయ ఫామ్ పనివాళ్ల జట్టుకూ. మూడున్నరకల్లా జనం గోడ పొడుగునా నిండారు. పోచన్న పొద్దున్నే వచ్చి ఎప్పటిలాగే గీతలు గీసి వెళ్లాడు. మళ్లీ వచ్చినప్పుడు రెఫరీ చొక్కా వేసుకోలేదు. తిన్నగా బల్ల దగ్గరకు వెళ్లి ముఖీత్ ముందున్న మైకు తీసుకున్నాడు.

"క్యా బాత్ హై పోచన్న భాయ్, టాస్ వేద్దామా?" అన్నాడు ముఖీత్.

పోచన్న మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టాడు. మొదటి మాట గరగరమంది. కొంచెం దూరం జరిపాడు.

"పోయిన శుక్రవారం ఆఖరి కూతల స్యాంకు కాలు తగిలిందని చెయ్యెత్తిన. తగిలింది నేను చూడలె. చూసిన అని చెప్పిన. స్యాం తగలలేదనే అన్నడు. అయినా తప్పైందని అనిపిచ్చిన. స్యాం ఎవల దగ్గర ఏం తినలే. తప్పు నాది."

వెనక నుంచి ఎవరో, "మాకెరికే గదనే" అన్నారు. కొంతమంది నవ్వారు, చెడ్డగా కాదు, ఇంటి పెద్ద ఏదో ఆలస్యంగా తెలుసుకుంటే నవ్వినట్టు. కానీ సోహార్ వాళ్లు నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు ముఖీత్ వైపు నడవడం మొదలుపెట్టారు. ముఖీత్ మైకు వైరు లాగేశాడు.

"సంతకం పెట్టినవ్ భాయ్" అన్నాడు మెల్లగా, పోచన్నకు మాత్రమే వినిపించేట్టు. "కాగితం మీద సంతకం పడ్డాక మార్చుడు లేదు. నువ్వే చెప్తవు గదా అందరికీ, అది రూలు."

"పాయింటు మార్చమంటలేను."

"మరి ఇదంతా ఎందుకు?"

సోహార్ కెప్టెన్ వచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. "అదొక్కటేనా అన్నా? ఇంకెన్ని ఇచ్చినవ్ గిట్ల?"

పోచన్న నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ముఖాలు గుర్తొచ్చాయి. ఒకరికి మోకాలికి గుడ్డ కట్టి ఉంది. ఒకరు ఆట అయ్యాక ఏడ్చారు. పాయింట్లు మాత్రం లెక్కకు రాలేదు. "యాద్ లేదు" అన్నాడు.

కెప్టెన్ ముఖీత్ వైపు తిరిగాడు. "మాకు వేరే రెఫరీ గావాలె."

వేరే రెఫరీ దొరకడానికి అరగంట పట్టింది. పోటీలు చూడటానికి వచ్చిన మలయాళీ డ్రిల్లు మాస్టారొకరిని అడిగి ఒప్పించారు. ఈలోగా కెప్టెన్ పార్కింగ్ వైపు చెయ్యి ఊపాడు. పికప్‌ల వెనక నిలబడి ఉన్న స్యాం అప్పుడు కనిపించాడు. వెంటనే రాలేదు. వచ్చినప్పుడు కెప్టెన్ ఇచ్చిన జెర్సీ అందుకుని భుజాన వేసుకుని, తిన్నగా పోచన్న దగ్గరకు వచ్చాడు.

"మైకులో చెప్పారు. బానే ఉందన్నా" అన్నాడు. "ఆ వీడియో మా ఊరు దాకా పోయింది. మా నాన్న చూశాడు. చర్చిలో ఎవరో చూపించారంట. ఏం దొంగతనం చేశావురా అని ఫోన్లో అడిగితే, కబడ్డీ నాన్నా అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఇక్కడ మైకులో చెప్పింది ఆయనకి ఎలా వినబడుద్ది?"

"నేను మాట్లాడుత. నంబరియ్యి."

"ఏమని మాట్లాడతారు?"

పోచన్న నోరు తెరిచాడు. స్యాం జవాబు కోసం నిజంగానే ఎదురు చూశాడు, వెటకారంగా కాదు. స్యాం జెర్సీ తొడుక్కుని, చెప్పులు గోడ పక్కన విడిచి కోర్టులోకి వెళ్లాడు.

పోచన్నకు కూర్చోవడానికి చోటు లేదు. ఎప్పుడూ గీత పక్కన నిలబడి చూసిన మనిషి, జనంలో ఎక్కడ దూరాలో తెలియలేదు. చివరకు గోడ చివర, ఖాళీ చేపల డబ్బాల దగ్గర, ఇమ్మానియేలు చెయ్యి ఎత్తి పిలిచాడు. ఫైనల్ చూడటానికి వచ్చినట్టున్నాడు. ఒక డబ్బా బోర్లించి జరిగాడు. పోచన్న కూర్చున్నాక చాలాసేపు ఇద్దరూ ఆటే చూశారు.

"నిన్న మీకు అబద్ధం చెప్పానండి" అన్నాడు ఇమ్మానియేలు, కోర్టు మీంచి చూపు తిప్పకుండా.

"ఎరికే."

"ఆ రోజే చెప్పాల్సింది, తగల్లేదని. మీరు చెయ్యి ఎత్తేశారు. అందరూ అరుస్తున్నారు. ఒప్పేసుకున్నాను." అరచేతులు మోకాళ్లకు తుడుచుకున్నాడు. "మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాలండి ఇప్పుడు."

పోచన్న ఏదో అనబోయాడు. పర్వాలేదు, పిల్లకు చెప్పకపోతే ఏమవుతుంది అనే మాట నోటి దాకా వచ్చింది. దాన్ని మింగేసి, "చెప్పు" అన్నాడు.

సోహార్ మొదటి నుంచీ ముందే ఉంది. స్యాం ఎవరి వైపూ చూడకుండా ఆడాడు. రెండు పట్లు పట్టాడు. పట్టిన ప్రతిసారీ కిందపడ్డ మనిషికి చెయ్యిచ్చి లేపి, మళ్లీ తన మూలకు వెళ్లి నిలబడ్డాడు. ఆట చివరికొచ్చేసరికి తేడా ఎనిమిది. జనంలో కదలిక మారింది. గెలిచేదెవరో తేలిపోయాక కూడా కొందరు ముని వేళ్ల మీద ఎందుకు నిలబడతారో పోచన్నకు మొదటిసారి కనబడింది. ఇంతకాలం ఆయన వీపు వాళ్ల వైపు ఉండేది.

ఫామ్ జట్టులోంచి ఒక బక్కపలచటి మనిషి కూతకు వెళ్లాడు. గంట మోగింది. కూత ఆగలేదు. అతను ఎడమ చెయ్యి చాపి సోహార్ మూల మీదికి వంగాడు. నలుగురు ఒకేసారి మీద పడ్డారు. ఇసుకలో కాళ్లూ చేతులూ కలిసిపోయాయి. నడి గీతకు అతని వేళ్లు అందాయో లేదో, మాస్టారు వంగి చూస్తున్నాడు.

పోచన్న చుట్టూ ఉన్నవాళ్లు మాస్టారు వైపు చూడలేదు. ముందు ఒకడు తిరిగాడు, తర్వాత ఇంకొకడు. మైకులో అంతా విన్నవాళ్లే. అయినా ఆరేడు ముఖాలు ఆయన వైపు తిరిగాయి.

"అందిందా అన్నా?" అన్నాడొకడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. ఎంత పెట్టాడో, ఎవరి వైపు పెట్టాడో తెలియదు. "అందింది గదా?"

పోచన్న అతని ముఖం మీది నుంచి చూపు తిప్పుకుని, కోర్టు వైపు చూశాడు. ఇసుక ఇంకా కిందికి దిగలేదు.

"నాకు కనవడలె" అన్నాడు.